నల్లరేగట్లో తామర గుంట: రెండున్నరేళ్ళ నా అనుభవం

మాది ఒంగోలు పక్కన నాగులుప్పలపాడు మండలంలో ఒక ఊరు. శనగ, పొగాకు వేసే నేల. పైన మూడు నాలుగడుగులు నల్లరేగడి, దాని కింద సుద్ద, మధ్యమధ్యలో సున్నపు గులకలు. ఇంటి వెనకాల దొడ్లో తామర గుంట ఒకటి పెట్టుకుందామని 2023 మేలో మొదలుపెడితే 2025 చివరికి గానీ ఒక దారికి రాలేదు. ఈమధ్య తెలిసినవాళ్ళు ఫోన్ చేసి "నీళ్ళు ఇంకిపోకుండా ఏ షీటు వేశావు, ఎంతైంది" అని అడుగుతున్నారు. రేగట్లో నీళ్ళు ఇంకిపోవడం ఏడుంది అసలు, బయట నీళ్ళు గుంట కిందికి చేరి షీటుని పైకి ఎత్తేస్తయ్, ఆ నీళ్ళని ఎటు పంపిస్తావో ముందు చూసుకో అంటే సగం మంది నమ్మట్లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మే నెలాఖర్లో తవ్వించాం. ఆ ఎండలకి దొడ్డంతా నెర్రెలిచ్చి ఉంది, మోచెయ్యి దాకా దిగేంత నెర్రెలు, మా బుడ్డోడి బంతి ఒకదాంట్లో పడితే కర్ర పెట్టి తీయాల్సొచ్చింది. పదిహేనడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, నడిమధ్యలో మూడడుగుల లోతు. జేసీబీ గంటకి 1,200 చొప్పున గంటన్నరలో పని అయిపోయింది, మట్టి పక్కకి తోలడానికి ట్రాక్టరుకి ఇంకో రెండు వేలు. అంత సులువుగా అయ్యేసరికి ఇంక ఏముంది వారంలో పూలు పూస్తయ్ అన్నట్టే ఉన్నాం ఇంట్లో అందరం.

మేస్త్రి వచ్చి చూసి, కింద సున్నపు గులకలు షీటుకి గుచ్చుకుంటయ్, నాలుగంగుళాలు ఇసక పరుద్దాం అన్నాడు. అందరూ చేసేది అదే, సొంత ఇల్లు కట్టిన ఎవర్నడిగినా రేగడంటే ఇసక పొయ్యమనే చెప్తారు. ఇసక మీద పాత గోతాలు పరిచి, దానిమీద 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ షీటు, అదే రైతులు ఫారం పాండ్‌లకి వేస్తారే ఆ నల్ల షీటు. కొలత ఎట్టాగంటే పొడవుకి రెండు లోతులు కలిపి, అంచుల మీదికి మడవడానికి ఇంకో మూడడుగులు, వెడల్పుకీ అంతే. మాకు 24 బై 19 పడింది, అంటే 42 చదరపు మీటర్లు చిల్లర, ఐదు వేల లోపే వచ్చింది. అంచుకి రాళ్ళు మాత్రం సరదాపడి గుండ్లపల్లి వైపు పాలిష్ యూనిట్లలో కోతకి మిగిలిన గెలాక్సీ గ్రానైట్ పట్టీలు తెచ్చుకున్నా. చీమకుర్తి రాయి, నలుపు మీద బంగారు చుక్కలు, తడిచినప్పుడు చూడాలి దాన్ని. పాలరాయి కొనే డబ్బుల్లో పదో వంతుకి వచ్చినయ్.

మా బోరు నీళ్ళు ఉప్పన, తామరకి పనికిరావు, అందుకని 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు పోయించాం, గుంట నిండింది. ఈ పదివేల లీటర్ల లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనుంది. దోమలు పెరుగుతాయని మా ఆవిడ ముందే గొడవ పెట్టుకుంది కాబట్టి ఆరోగ్య కేంద్రంలో అడిగి గంబూసియా చేపపిల్లలు తెచ్చి వదిలా, అవి దోమ లార్వాని ఒక్కటి మిగల్చవు. మొత్తం ఖర్చు అప్పటికి 35 వేలకి దగ్గరగా అయింది. ఆ ఏడాది వానలు మొహం చాటేసినయ్, ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, ఏదో చినుకులు తప్పితే ఏం లేదు. ఆకులొచ్చినయ్, అక్టోబర్లో రెండు పూలు కూడా పూసినయ్. వానలు లేకపోబట్టే అంతా బాగున్నట్టు కనపడింది అని ఇప్పుడు తెలుస్తోంది.

డిసెంబర్ మొదటి వారంలో మిగ్‌జాం తుఫాను. 5వ తారీకు మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది, మాకు దగ్గరే. అంతకుముందు రోజు నుంచే కుండపోత, కరెంటు లేదు, ఫోన్లు లేవు, పొలాల్లో శనగ మొత్తం మునిగిపోయింది, ఊరంతా ఆ ఏడుపులో ఉంటే నేను తామర గుంట గురించి మాట్లాడటం కూడా సిగ్గుగానే ఉండింది. 6వ తారీకు పొద్దున దొడ్లోకి పోయి చూస్తే గుంట మధ్యలో షీటు పైకి లేచి ఉంది. బర్రె నీళ్ళల్లో పడుకుంటే వీపు కనపడదూ, అచ్చం అట్టా, నల్లగా, నున్నగా, నీళ్ళ మీదికి జానెడు ఎత్తు. తామర తొట్లు పక్కకి ఒరిగి మట్టంతా నీళ్ళల్లో కలిసిపోయింది. నేను అంచు మీద నిలబడి కాలితో తొక్కితే అక్కడ దిగి ఇంకోచోట లేచింది, కింద నుంచి గుడగుడమని చప్పుడు. నిజం చెప్పొద్దూ, భయమేసింది.

పక్కింటాయన "మోటరు పెట్టి లోపల నీళ్ళు తోడెయ్ అబ్బయా, షీటు దానంతటదే కూచుంటది" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది కదా. కరెంటు వచ్చాక మోటరేస్తే నీళ్ళు తగ్గేకొద్దీ షీటు ఇంకా లేస్తా ఉంది. సగం తోడేసరికి తూర్పు పక్క గోడ మట్టి మెత్తబడి షీటు వెనకాల నుంచి లోపలికి జారింది, దానిమీదున్న గెలాక్సీ పట్టీ విరిగి రెండు ముక్కలు.

అప్పుడొచ్చాడు మా పెదమామ. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషి, గట్టున నిలబడి చూసి ముందు మోటరు ఆపమన్నాడు. "లోపల నీళ్ళ బరువుంటేనే గదరా అది అణిగి ఉండేది. ఆ బరువు నువ్వే తీసేస్తంటే కింద నీళ్ళు దాన్ని ఎత్తక ఏం జేస్తయ్? ముందు నింపు." బయట నేలలో నీళ్ళు ఏ మట్టానికి ఉంటే లోపల అంతకంటే ఒక అంగుళమైనా ఎక్కువ ఉండాల, లేకపోతే షీటు లేస్తది. అంతే లెక్క. వానాకాలం ఖాళీ చేసిన సంపులూ సెప్టిక్ ట్యాంకులూ కూడా ఇట్టాగే భూమిలోంచి పైకి తేలొస్తాయంట, కాంక్రీటువే తేలితే ఈ షీటు ఎంత. దొడ్లో నిలబడ్డ బురద నీళ్ళనే మళ్ళీ గుంటలోకి ఎత్తిపోశాం, మధ్యాహ్నం తోడిన మోటరుతోనే సాయంత్రం నింపుతున్నానని మా ఆవిడ నవ్వింది. చీకటి పడేసరికి వీపు చాలావరకు దిగింది, ముడతలు మాత్రం అట్నే ఉండిపోయినయ్.

ఇంత నీళ్ళు కిందికి ఎట్టా పోయినయ్, రేగడి నీళ్ళు తాగదు కదా అంటే, అక్కడే ఉంది తమాషా. మామ గడ్డపార తెప్పించి గుంట పక్కన రెండడుగులు తవ్విస్తే ఇసక పొర తగిలింది, ఇసకంతా నీళ్ళే. చుట్టూ నీళ్ళు దిగని మట్టి, మధ్యలో మనం గుంట తీసి నీళ్ళు పట్టే ఇసక పోసి పెట్టాం. ఎండాకాలం నెర్రెల్లోంచి, గుంట అంచుల్లోంచి వాన నీళ్ళు నేరుగా ఆ ఇసకలోకి దిగినయ్, దిగినయ్యి బయటికి పోవడానికి దారి లేదు. రేగడి తడిసి ఉబ్బాక నెర్రెలు మూసుకుపోతయ్, ఇంక ఆ నీళ్ళు లోపలే బందీ. పైగా మా డాబా మీది రెండు పైపులూ సరిగ్గా ఆ పక్కనే దిగుతయ్. డాబా 1,200 చదరపు అడుగులు, అంటే 111 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. పది సెంటీమీటర్ల వానకి 11 వేల లీటర్లు, అంటే నేను రెండు ట్యాంకర్లు కొని పోసిందానికన్నా ఎక్కువ నీళ్ళు మా డాబానే ఒక్క రోజులో తెచ్చి గుంట పక్కన పోసిందన్నమాట. తుఫానుకి పడింది ఇంకా ఎక్కువే.

తర్వాత ఎదురుచూపులు. ఎవరూ చెప్పని విషయం ఇదే, రేగడి ఒకసారి తాగాక ఆరడానికి నెలలు పడతది. ఆ గడ్డపార గుంతలో నిలువుగా పీవీసీ పైపు ముక్క ఒకటి, కింద రంధ్రాలు కొట్టి పాతి, గీతలు పెట్టిన వెదురు పుల్ల దించి అప్పుడప్పుడూ కొలిచేవాణ్ణి. తుఫాను అయిన వారానికి జానెడు కిందే నీళ్ళు. సంక్రాంతికి అడుగున్నర. శివరాత్రికి పుల్ల పొడిగా వచ్చింది. అప్పటిదాకా దొడ్లో ఆ మూల అడుగు పెడితే చెప్పు మట్టిలోనే ఉండిపోయేది. తామర దుంపల్ని ప్లాస్టిక్ టబ్బుల్లోకి మార్చా, సగం కుళ్ళినయ్. ఈ మూణ్ణెల్లలో వచ్చిన సలహాలకి లెక్కలేదు. కాంక్రీటు తొట్టి కట్టించమని ఒకాయన లక్షా పాతిక అంచనా వేసిచ్చాడు, మా వీధిలోనే కాంక్రీటు సంపు పగిలి మూడేళ్ళయింది, రేగడి ఉబ్బి కుంచించుకుంటుంటే సన్న గోడలు నిలవవు. ఇంకొకాయన ఊరచెరువుకి షీటేశారా, మట్టే తొక్కించి వదిలెయ్ అన్నాడు. అది కొట్టిపారేసే మాట కాదు. కానీ ఊరచెరువుకి సాగర్ కాలవ నీళ్ళొస్తయ్, మనకి ట్యాంకర్ రావాలి, మేలో నీటిమట్టం అడుగు తగ్గితే తేలిన అంచంతా నెర్రెలిస్తది, మళ్ళీ వానొస్తే మళ్ళీ అతుక్కుంటది, ఆ వ్యవహారం నాకు పడదనిపించింది.

2024 ఏప్రిల్లో రెండోసారి పని. ఈసారి ముందు తవ్వలేదు, ముందు మట్టం కొలిచాం. మేస్త్రులు వాడే నీళ్ళ ట్యూబు పట్టుకుని దొడ్డి నుంచి వీధి సైడుకాలవ దాకా చూస్తే, కాలవ అడుగు మా దొడ్డి కంటే 30 అంగుళాలు కింద ఉంది, దూరం 80 అడుగులు. పైపుకి వందకి ఒకటి వాలు ఇస్తే 80 అడుగులకి పది అంగుళాలు పోతయ్. మిగిలింది 20 అంగుళాలు. అంటే గుంట దగ్గర నా డ్రెయిన్ పైపు 20 అంగుళాల కంటే కిందికి దిగలేదు, కాబట్టి గుంట కూడా అంతకంటే లోతు ఉండకూడదు. మోటరు పెట్టి తోడొచ్చు కదా, వరలు దించి ఫ్లోట్ స్విచ్ పెడితే దానంతటదే పనిచేస్తది అని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. తుఫానప్పుడు మా ఊళ్ళో ముందు పోయేదే కరెంటు అయ్యా అన్నా. నవ్వి ఊరుకున్నాడు.

అందుకని గుంటని పైకి లేపాం. పాత ఇసకంతా ఎత్తి పారేసి, తీసిన నల్లమట్టినే కొద్దికొద్దిగా తడిపి పొరలు పొరలుగా దిమ్మిసలు వేయించి, మూడడుగుల లోతుని అడుగున్నరకి తెచ్చాం. పైన అడుగున్నర ఎత్తు గట్టు, గ్రావెల్‌తో, గోడ కాదు, వాలుగా. అప్పుడు నీళ్ళ లోతు మూడడుగులే ఉంది గానీ సగం నేలకి పైన. లోపలి మట్టం ఎప్పుడూ బయటి నేల కంటే ఎత్తులోనే ఉంటది కాబట్టి షీటు లేచే సందే లేదు. గట్టు కింద చుట్టూ కాలవ తీసి, నాలుగంగుళాల పీవీసీ పైపుకి కింది పక్క రంధ్రాలు కొట్టి, చుట్టూ 20 ఎం.ఎం. కంకర పోసి, మొత్తాన్ని జియో టెక్స్‌టైల్ గుడ్డలో, అంటే నీళ్ళు వదిలి మట్టిని ఆపే గుడ్డలో, చుట్టాం. ఈ గుడ్డ ఒంగోల్లో దొరకలేదు, విజయవాడ నుంచి పార్శిల్ వచ్చేసరికి పది రోజులు, కూలీలు అప్పటికి వేరే పనికి పోయారు. పాత చీర చుడదాం ఎవడు చూడొచ్చాడు అన్నాడు మేస్త్రి. చీర రెండేళ్ళకి చీకిపోతది, రేగడి సన్న మట్టి వెళ్ళి కంకర పూడిపోతే మళ్ళీ అంతా తవ్వాల, అందుకని ఆగాం. గులకల కోసం షీటు కింద ఇసక బదులు ఇదే గుడ్డ రెండు మడతలు వేశాం.

డాబా పైపులు రెండూ వేరే పైపులో కలిపి, రంధ్రాల్లేని పైపు, నేరుగా కాలవకి పంపించాం. దీన్ని కూడా రంధ్రాల పైపులోనే కలిపేద్దాం ఖర్చు తగ్గుద్దని ప్లంబర్ గట్టిగా పట్టుబట్టాడు. కలిపితే డాబా నీళ్ళు ఆ రంధ్రాల్లోంచి మళ్ళీ గుంట కిందికే పోతయ్ కదా. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరేం చెప్పినా వినొద్దు. కాలవ పక్క స్థలం వాళ్ళతో కొంచెం మాటా మాటా వచ్చింది, మీ నీళ్ళన్నీ మా గుమ్మం ముందుకే తోలుతున్నావా అని, పంచాయతీ సైడుకాలవే కదా అన్నా గానీ పైపు నోరు వాళ్ళ గేటు దాటించి ఇంకో ఆరడుగులు ముందుకి పెట్టించా. ఈ రెండో విడత మొత్తం 41 వేలు, మొదటిదానికన్నా ఎక్కువే, అందులో పెద్ద పద్దు కూలీలదే.

మేలో కొత్త సంగతి. రేగడి కుంచించుకుని గట్టు పాదం దగ్గర నెర్రెలు, ఈశాన్యం మూల అంగుళం దిగింది. నేల అంగుళం దిగితే మనకి కనపడదు, కానీ నీళ్ళు చెప్పేస్తయ్, నింపంగానే ఆ మూల నుంచే పొర్లి ఒక పక్క షీటు అంతా బయటపడి కనపడతా ఉంటది. గట్టు చుట్టూ డ్రిప్ పైపు వేసి ఎండాకాలం రోజూ కాసేపు వదులుతున్నా, మట్టి తడి ఒకే తీరుగా ఉంటే ఉబ్బడం కుంచించుకోవడం తగ్గుద్ది. విచిత్రం ఏంటంటే ఆ అక్టోబరు వానలకి దిగిన మూల మళ్ళీ సగం పైకొచ్చింది, ఎవరూ చెయ్యి పెట్టకుండానే. అదే వేసవిలో తొందరపడి సిమెంటు పూయించి ఉంటే ఇప్పుడది కొండలాగా లేచి ఉండేది.

అసలు పరీక్ష 2025 అక్టోబరు చివర్లో మొంథా. తుఫాను తీరం దాటింది నరసాపురం దగ్గర 28 రాత్రి, మాకు దూరమే గానీ వాన మాత్రం మా జిల్లా మీద కుమ్మేసింది, ఒంగోల్లో కాలనీలు మునిగినయ్. కరెంటు పోయింది, మనకి మోటరుతో పని లేదు కదా అని ధీమాగానే పడుకున్నా. పొద్దున చూస్తే సైడుకాలవ నిండి రోడ్డెక్కింది, నా పైపు నోరు నీళ్ళల్లో మునిగింది, కాలవ నీళ్ళే పైపులో వెనక్కి వచ్చి గట్టు చుట్టూ పాదం మునిగేంత నిలబడ్డయ్. గుండె ఝల్లుమంది. పుల్ల దించి చూశా, గట్టు దగ్గర నుంచి లోపలి మట్టం చూశా, బయట నీళ్ళ కంటే లోపల ఇంకా అడుగు పైనే ఉంది. షీటు కదల్లేదు. ముడత కూడా పడలేదు. మర్నాటికి కాలవ తగ్గాక పైపు పారడం మొదలుపెట్టింది, మొదట ఎర్రగా బురదగా, తర్వాత తేటగా, వాన ఆగిన వారం దాకా బొటనవేలంత ధార పడతానే ఉంది. ఆ ధార చూడటానికి పెదమామ కూడా కర్ర పట్టుకుని వచ్చాడు.

తర్వాత పైపు నోటికి ఒక పక్కకే తెరుచుకునే ఫ్లాప్ వాల్వు బిగించా, ఎనిమిది వందలు. కాలవలో కొట్టుకొచ్చే ప్లాస్టిక్ కవర్లు దాంట్లో ఇరుక్కుని మూత సరిగ్గా పడట్లేదు, చెయ్యి పెట్టి తీస్తా ఉండాల. తామర మళ్ళీ పూసింది. ప్రస్తుతం నా తలనొప్పి పందికొక్కులు, గ్రావెల్ గట్టు వాటికి మెత్తగా ఉన్నట్టుంది, పడమర పక్క రెండు బొరియలు తీసినయ్, షీటు దాకా పోతే మాత్రం కొంప మునుగుద్ది. కోళ్ళ గూటికి వాడే ఇనప జాలీ గట్టు బయటి పక్క అడుగు లోతు పాతమన్నారు. జాలీ తెచ్చా, ఈ ఆదివారం కూలీ వస్తానన్నాడు.